కార్డులో లేని బరువు

కూర్మన్నపాలెం,
ఆగస్టు 6, 2024.

బావగారికి,

నమస్కారం. మీరు నా నంబరు ఫోన్లో బ్లాక్ చేసినందువల్లా, ఇకమీదట ఏదున్నా రాతపూర్వకంగా తెలియజేయమని అక్కతో కబురు పెట్టినందువల్లా ఈ ఉత్తరం. పోస్టాఫీసులో కవరు అడిగితే గుమస్తా నా ముఖం చూసి, "ఎవరైనా పోనారేటండి?" అన్నాడు. "మా బావకి నవ్వడం పోయిందండి" అన్నాను.

పోర్టు కస్టమ్స్ ఆఫీసరు గొంతుతో మాట్లాడింది నేనే. ఒప్పుకుంటున్నాను. కానీ గోదావరి పులస ఓడెక్కి విశాఖపట్నం పోర్టులో దిగిందంటే నమ్మి, మెడకి టై కట్టుకుని, చంకలో ఐసుపెట్టె పెట్టుకుని, గేటు ముందు రెండు గంటలు నిలబడినవాడిది తప్పా, చెప్పినవాడిది తప్పా? మీ గోదావరి వాళ్ళకి పులస పేరు చెబితే బుర్ర సెలవు పెడుతుంది. అక్క ఫోన్ చేసి, "ఒరే, మీ బావ వచ్చినకాణ్ణించి ఐసుపెట్టెకి తాళం వేసీసినాడురా" అంది. మా ఇంట్లో ఆ రాత్రి ఎవరమూ అన్నం సరిగా తినలేదు, నవ్వలేక.

విషయానికి వస్తాను. ధనశ్రీ డిసెంబరులో కొండ సైకిలు పోటీకి వెళుతుందనీ, అందులో నెగ్గితే జిల్లా జట్టులో తీసుకుంటారనీ అక్క చెప్పింది. దాని సైకిలుకి ముందు ఫోర్కు మార్చడానికి మీరు యూట్యూబులో వారం రోజులు చదువుకుని, అరటిబోదెల్లాంటి కాళ్ళున్న నూట యాభై మిల్లీమీటర్ల స్ప్రింగు ఫోర్కు ఎంచారట. ఎందుకయ్యా అంటే లావుగా ఉంది, బలంగా ఉంటుందన్నారట.

బావగారూ, ఫోర్కు అంటే ఇంటి ముందు స్తంభం కాదు. రాయి ఎదురైతే తాను కుంగి, పైనున్న మనిషిని కుదపకుండా ఉంచాలి. అది దాని ఉద్యోగం. ఆ స్ప్రింగు ఎనభై కిలోల మగవాడి కోసం చుట్టినది. మన పిల్ల ఎక్కితే తన మీద ఎవరో ఎక్కారని కూడా దానికి తెలియదు. మీ గృహప్రవేశం నాడు నేను పిల్ల వీపుకి పిన్నుతో తగిలించిన చీటీ గుర్తుందా? 'ఈనుపుల్ల. గాలొస్తే ఎగిరిపోవును, పట్టుకోండి.' రెండు బంతుల వాళ్ళు విస్తళ్ళు వదిలేసి నవ్వారు. నవ్వుకి రాసినా అందులో లెక్క ఉంది. తేలికపాటి మనిషికి గాలి ఫోర్కు కావాలి. సన్నకాళ్ళది, నూట ఇరవై మిల్లీమీటర్లు కుంగితే చాలు. స్ప్రింగు మనిషిని బట్టి మారదు. గాలి అయితే మనిషికి తగ్గట్టు ఎక్కిస్తాం, దించుతాం.

స్టీలు ప్లాంటులో ఇరవై రెండేళ్ళుగా నూనె గొట్టాలూ గాలి గొట్టాలూ బిగిస్తున్నవాడిని. వింటే వినండి, లేకపోతే అరటిబోదె కొనుక్కోండి.

ఇట్లు,
మీ ఏకైక బావమరిది
దొరబాబు


మధురవాడ,
ఆగస్టు 19.

దొరబాబుకి,

నీ గొంతుని ఇక ఈ జన్మలో నమ్మను. నీ చేతిరాతని మాత్రం నమ్ముతాను. ఒక్క పేజీలో ఇన్ని తప్పులు ఇంకొకడు రాయలేడు. 'ఉద్యోగం'లో వత్తు ఎక్కడ పెట్టావో చూసుకో. ఐటీఐ రెండో ఏడు మానేసినవాడు పాఠం చెబితే ఇలాగే ఉంటుంది.

ఫోర్కు కొన్నాను. నూట ఇరవై మిల్లీమీటర్లది, గాలిది, సన్నకాళ్ళది. ఇది నా సొంత నిర్ణయం. నీ ఉత్తరం నేను కొన్నాకే వచ్చింది. కవరు మీద తేదీ ముద్ర ముందుది కనిపిస్తే అది పోస్టాఫీసు వాళ్ళ పొరపాటు.

ఫోర్కుతో కార్డు ఇచ్చారు. యాభై కిలోల నుంచి వంద కిలోల దాకా, ఎంత బరువుకి ఎన్ని పాయింట్ల గాలో అచ్చువేసి ఉంది. ఇలా పద్ధతిగా చేసే మనుషులు కూడా లోకంలో ఉన్నారని నీకు తెలియడానికి రాస్తున్నాను. ధనశ్రీని అడిగితే యాభై నాలుగు అంది. కార్డు ప్రకారం అరవై రెండు పాయింట్లు. షాపులోనే కొట్టించాను. ఇందులో నీ అవసరం ఎక్కడా రాలేదు.

రుషికొండ వెనక మట్టిదారిలో వారంగా తొక్కుతోంది. దిగి వచ్చాక అరచేతులు తిమ్మిరెక్కుతున్నాయంటుంది. గ్లాసు పట్టుకోలేకపోతోంది. ఇది నీకు రాయనక్కర లేదు. మీ అక్క పక్కన నిలబడి, "ఆడికి ఇది కూడా రాయండి" అంటోంది కాబట్టి రాస్తున్నాను.

తిరుమలరావు


కూర్మన్నపాలెం,
ఆగస్టు 27.

బావగారికి,

మీ సొంత నిర్ణయానికి నా అభినందనలు. పోస్టాఫీసు మీద కేసు వేద్దాం.

పిల్ల యాభై నాలుగు కిలోలా? భలే. అక్క పెట్టిన నెయ్యి ఒంటికి పట్టిందన్నమాట. గృహప్రవేశం నాటి ఈనుపుల్ల చీపురు అయింది, సంతోషం.

ఇక కార్డు సంగతి. కార్డు రాసినవాడు ఎక్కడో బల్ల ముందు కూర్చుని రాశాడు. మన పిల్ల ఎలా కూర్చుంటుందో వాడికేం తెలుసు? కార్డు మొదలు, రింగు తుది. ఫోర్కు కాలి మీద సన్న రబ్బరు రింగు ఒకటి ఉంటుంది, చూడండి. దాన్ని కిందికి తోసి పెట్టండి. ధనశ్రీని సైకిలెక్కించి, పెడళ్ళ మీద నిలబెట్టి, మీరు హ్యాండిలు పట్టుకోండి. హెల్మెట్టు, బూట్లు, వీపున నీళ్ళ సంచీ, పోటీ రోజు ఏవి ఉంటాయో అవన్నీ ఉండాలి. మెల్లగా దింపండి. రింగు ఎంత పైకి పాకిందో స్కేలుతో కొలవండి. నూట ఇరవైలో పావుకి కాస్త అటూఇటూ, ఇరవై ఎనిమిది వస్తే గాలి సరిపోయినట్టు. తక్కువ పాకితే గాలి తీయండి, ఎక్కువ పాకితే కొట్టండి. గాలి మార్చిన ప్రతిసారీ ఫోర్కుని పదిసార్లు నొక్కి వదలాలి. లోపల రెండు గదులుంటాయి, నొక్కితే గాని గాలి రెండింటికీ సర్దుకోదు. మీ ఆఫీసులో లిఫ్టు బాగుచేసేవాణ్ణి అడిగినా చెబుతాడు.

పెట్రోలు బంకులో మాత్రం కొట్టించకండి. ఆ మెషీను లారీ టైర్లకి. ఇందుకోసం చిన్న చేతిపంపు ఒకటి నా దగ్గరుంది, పంపుతున్నాను. రేపు మా షిఫ్టు కుర్రాడొకడు మీ వైపు వస్తూ మాడుగుల హల్వా పెట్టె ఇస్తాడు. హల్వా అనుకుని మీరు పది మందిని పిలిచి మూత తీయాలని నా కోరిక.

దొరబాబు


మధురవాడ,
సెప్టెంబరు 9.

దొరబాబుకి,

మూత ఆఫీసులోనే తీశాను. మేనేజరు గారు చెంచా పట్టుకుని నిలబడి ఉన్నారు. నీ గురించి ఇంకేం చెప్పను.

నువ్వు రాసినట్టే కొలిచాం. ధనశ్రీ మొదట ఎక్కనంది. తర్వాత, "ఉండండి, సంచీ సర్దుకుని వస్తా" అని లోపలికి వెళ్ళి, అన్నీ తగిలించుకుని వచ్చి నిలబడింది. స్కేలు నేనే పట్టుకున్నాను. సరిగ్గా ఇరవై ఎనిమిది మిల్లీమీటర్లు. వెంట్రుకవాసి తేడా లేదు. అంటే కార్డు సరైనది, షాపువాడు సరైనవాడు, నేను సరైనవాడిని. ఇందులో నువ్వు ఎక్కడున్నావో వెతుక్కో.

అయినా పిల్ల చేతులు అలాగే తిమ్మిరెక్కుతున్నాయి. రాళ్ళ మీద చక్రం ఎగురుతోందంటుంది. అంకె సరిపోయాక ఇంకా ఎందుకు ఎగురుతుందో నాకు అర్థం కావడం లేదు. నాకు అర్థం కాలేదని నీకు రాయవలసి రావడం ఈ ఏడాదిలో నాకు జరిగిన రెండో అవమానం. మొదటిది నీకు తెలుసు.

ఇంకొకటి. మీ అక్క ఎలమంచిలి నుంచి తెచ్చుకున్న రుబ్బురోలు బాల్కనీలో ఉంది కదా, దాని పొత్రం వారం రోజులుగా కనిపించడం లేదు. పదకొండు కిలోల రాయి నడిచి వెళ్ళదు. నీ షిఫ్టు కుర్రాడు మా ఇంటికొచ్చి హల్వా పెట్టె ఇచ్చి వెళ్ళాకే పోయింది. ఇది నీ వేషం కాకపోతే ఇంకెవరి వేషం? మర్యాదగా తిరిగి పంపు.

తిరుమలరావు


కూర్మన్నపాలెం,
సెప్టెంబరు 17.

బావగారికి,

అక్క తల మీద ఒట్టు, పొత్రం నేను తీయలేదు. తీసి ఉంటే గర్వంగా చెప్పేవాణ్ణి. ఎవడో నాకంటే పెద్దవాడు మీ అపార్టుమెంటులో తయారయ్యాడు. వాణ్ణి పట్టుకుంటే నాకు పరిచయం చేయండి.

ఇరవై ఎనిమిది వచ్చాక చేతులు తిమ్మిరెక్కడమేమిటి? ఎవరో అబద్ధం ఆడుతున్నారు. రింగు అబద్ధమాడదు, దానికి నోరు లేదు. స్కేలు మీరు పట్టుకున్నారు కాబట్టి అనుమానం మీ మీదే. మీరు అద్దాలు పెట్టుకున్నారా?

ఫోర్కు కాలి కింద ఎర్ర మీట ఉంటుంది. ఒక పక్క తాబేలు బొమ్మ, ఇంకో పక్క కుందేలు బొమ్మ. కుంగిన ఫోర్కు ఎంత తొందరగా పైకి లేవాలో ఆ మీట చెబుతుంది. చక్రం ఎగురుతోందంటే ఫోర్కు మరీ చురుగ్గా లేస్తోందన్నమాట. తాబేలు వైపు రెండు టిక్కులు తిప్పండి. అప్పటికీ చేతులు నొప్పెడితే లోపం ఫోర్కులో లేదు, చేతుల్లో ఉంది. పప్పూ గుడ్లూ పెట్టమనండి అక్కని. కొండ దిగడానికి కాస్త ఒళ్ళు కావాలి, ఊరికే కోరిక ఉంటే చాలదు.

దొరబాబు


మధురవాడ,
అక్టోబరు 14.

దొరబాబుకి,

ధనశ్రీ పోటీకి వెళ్ళడం లేదు. చదువు ఉంది. సైకిలు అమ్మకానికి పెట్టాను. ఇక ఈ విషయం మీద ఉత్తరాలు రాయవద్దు. పండగకి రావద్దు.

తిరుమలరావు


మధురవాడ,
అక్టోబరు 20.

మామయ్యకి,

ఎడమచేత్తో రాస్తున్నాను, నీ రాత కంటే కొంచెం బాగుంటుంది.

ఫోన్ చేయకపోవడానికి కారణం చెప్తాను. ఫోన్ చేస్తే నువ్వు మధ్యలోనే నవ్వేస్తావు. ఉత్తరం చదువుతూ నవ్వినా నాకు వినిపించదు.

నాలుగో తారీఖున రుషికొండ వెనక దారిలో పడ్డాను. వరసగా రాళ్ళున్న చోట మూడింటిని దాటాను. నాలుగోదానికి ఫోర్కు లేవలేదు, కర్రలా నిలబడింది. చక్రం పక్కకి ఎగిరింది. కుడి మణికట్టు చిట్లింది. కట్టు ఐదు వారాలట. నీకు చెప్పొద్దని అమ్మ దగ్గర నాన్న మాట తీసుకున్నారు. "ఆడికి తెలిస్తే ఊరంతా ఈనుపుల్ల విరిగిందని చెప్పుకుంటాడు" అని అమ్మ కూడా అంది. నువ్వు చెప్పుకుంటావు కదా?

నేను యాభై నాలుగు కిలోలు కాదు. నలభై మూడు. షాపులో కార్డు చూశాను మామయ్యా. యాభై దగ్గర మొదలవుతుంది. నా బరువు ఆ కార్డులోనే లేదు. షాపులో ఇంకో నలుగురు ఉన్నారు, నాన్న గట్టిగా, "ఎంతమ్మా?" అన్నారు. గృహప్రవేశంలో నా వీపు వెనక అందరూ నవ్వుతుంటే, ఎందుకో తెలియక గంటసేపు నేను కూడా నవ్వాను. అది గుర్తొచ్చింది. యాభై నాలుగు అనేశాను.

తర్వాత నువ్వు రింగు పెట్టి కొలవమన్నావు. దొరికిపోతానని నీళ్ళ సంచీలో అమ్మ పొత్రం పెట్టుకుని నిలబడ్డాను. అందుకే మీ ఇరవై ఎనిమిది వచ్చింది. పొత్రం నా మంచం కింద ఉంది.

నిన్ను క్షమించడానికి ఇది రాయడం లేదు. నలభై మూడుకి ఎన్ని పాయింట్లు కొట్టాలో నీకే తెలుసు. నవంబరులో కట్టు విప్పుతారు, పోటీ డిసెంబరు ఇరవై రెండున. నాన్న నాకు ఆ పని చేతకాదని నిర్ణయించేశారు, సైకిలు ఎవరో ఒకరు కొనేస్తారు. నేను నాన్నకి చెప్పలేను. నువ్వు చెప్పు. నీ నోటితో, జోకు లేకుండా.

ధనశ్రీ


మధురవాడ,
అక్టోబరు 28.

దొరబాబుకి,

నీ పంపు నీకు తిరిగి పంపుతున్నాను. హల్వా పెట్టెలో కాదు, మామూలు అట్టపెట్టెలో.

సైకిలు అమ్ముడుపోయింది. కొన్నాయన పేరు భీమశంకరరావు గారు, రిటైర్డు హెడ్మాస్టరు, మనవరాలి కోసమట. ఫోన్లో ఎంత మర్యాదగా మాట్లాడారో నువ్వు విని ఉండాల్సింది. 'తమరు', 'తమవారు' అన్నారు. బేరం ఆడలేదు. నా గురించి వాకబు చేసి, "మీవంటి పద్ధతైన మనుషుల వస్తువు కళ్ళకద్దుకుని తీసుకుంటాం" అన్నారు. ఆటో పంపి సైకిలు తెప్పించుకున్నారు. ఇరవై ఏళ్ళు నీతో బంధుత్వం చేశాక, పెద్దమనుషులు ఎలా మాట్లాడతారో మరిచిపోయాను. గుర్తు చేసినందుకు ఆయనకి కృతజ్ఞతలు చెప్పాను.

తిరుమలరావు


కూర్మన్నపాలెం,
నవంబరు 3.

బావగారికి,

హెడ్మాస్టరు భీమశంకరరావు గారు తమకు నమస్కారాలు చెప్పమన్నారు. ఆయన ప్రస్తుతం లుంగీ కట్టుకుని నా కుర్చీలో కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నారు. సైకిలు మా వసారాలో ఉంది. తిట్లు తర్వాత తిట్టుకోండి, ముందు చదవండి. ఇది జోకు లేకుండా రాయాలని నాకు ఆర్డరు వచ్చింది. హెడ్మాస్టరుతో నా కోటా అయిపోయింది.

ధనశ్రీ చెయ్యి సంగతి నాకు తెలుసు. ఎవరు చెప్పారని అక్కని అడగకండి, అక్క చెప్పలేదు.

దాని బరువు నలభై మూడు. యాభై నాలుగని చెప్పడానికి కారణం నేను. గృహప్రవేశంలో నేను తగిలించిన చీటీ. కొలిచిన రోజు దాని నీళ్ళ సంచీలో ఉన్నది నీళ్ళు కాదు, అక్క పొత్రం. సంచీతో సహా నిలబెట్టమన్నది నేను. పొత్రం లేకుండా కొండ దిగిన పిల్లకి పొత్రంతో కలిపి కొట్టిన గాలి. చేతులు తిమ్మిరెక్కవా? అప్పటికీ బుద్ధి రాక, తాబేలు వైపు తిప్పమని రాసింది నేను. తేలికపాటి మనిషికి కుందేలు వైపు తిప్పాలి. లేకపోతే ఒక రాయికి కుంగిన ఫోర్కు ఇంకో రాయి వచ్చేలోగా లేవదు. నాలుగో రాయి దగ్గర లేవనిది అందుకే. పైగా పప్పు తినమన్నాను.

మా మిల్లులో తప్పు బరువు చూసి ప్రెషరు పెట్టినవాణ్ణి ఆ పూటే గేటు బయట నిలబెడతారు. పిల్లని 'ఎంత ఉన్నావే?' అని ఒక్కసారి మామూలుగా అడిగి ఉంటే సరిపోయేది. నాకు మామూలుగా అడగడం రాదు. ఇరవై రెండేళ్ళు గొట్టాలు బిగించిన వెధవకి పక్కనున్న మనిషిలో ఎంత ప్రెషరుందో తెలియలేదు. ఐటీఐ మానేసినవాడని మీరు నన్ను తక్కువగా చూస్తారు. నాకు అదే ఎక్కువ.

ఫోర్కు విప్పాను. గాలి గదిలో రెండు ప్లాస్టిక్ బిళ్ళలున్నాయి, లావు మనుషులు ఎక్కినా ఫోర్కు అడుగు దాకా కుంగిపోకుండా పెట్టేవి. తీసేశాను. పల్చటి నూనె పోశాను. నలభై నాలుగు పాయింట్లు కొట్టాను. ఇది నా అంచనా మాత్రమే. పిల్ల ఎక్కి నిలబడాలి, సంచీలో నీళ్ళు మాత్రమే ఉండాలి. కట్టు విప్పాక ఒక ఆదివారం సైకిలు తీసుకొస్తాను. గుమ్మంలోకి రానివ్వకపోతే కిందనే, కార్లు పెట్టే చోట కొలిచి వెళ్ళిపోతాను.

పులస విషయంలో కూడా తప్పు నాదే. ఆ టైలో మీరు బాగున్నారట, గేటు దగ్గర సెక్యూరిటీ వాడు చెప్పాడు.

దొరబాబు


మధురవాడ,
నవంబరు 12.

దొరబాబుకి,

హెడ్మాస్టరు గారికి నేను చెప్పిన కృతజ్ఞతలు వెనక్కి తీసుకుంటున్నాను.

నీ ఉత్తరం నాలుగు రోజులు బీరువాలో పెట్టాను. ధనశ్రీని పిలిచి అడిగాను. మంచం కింద నుంచి పొత్రం తీసుకొచ్చి నా ముందు పెట్టింది. "తప్పిపోయిన పెద్దమ్మాయి దొరికినట్టుంది నాకు" అని మీ అక్క దాన్ని ఎత్తుకుని బాల్కనీలోకి పోయింది.  షాపులో అంతమంది ముందు గట్టిగా అడిగింది నేను. అది నీ ఉత్తరంలో లేదు. పిల్ల నీకు చెప్పి ఉంటుంది, నువ్వు రాయలేదు. గమనించాను.

పదిహేడో తారీఖు ఆదివారం రా. గుమ్మంలోంచే రా. నీ నంబరు తెరిచాను, కానీ ఫోన్ చేయకు.

తిరుమలరావు


కూర్మన్నపాలెం,
డిసెంబరు 23.

ధనశ్రీకి,

నిన్న నువ్వు నాలుగోదానివి. జట్టులోకి ముగ్గుర్నే తీసుకుని, నిన్ను స్టాండుబైలో పెట్టారు. ఆ ముగ్గురిలో ఒకత్తికి జలుబు చేయాలని నేను మొక్కుకోను. మొక్కుకుంటే నీకు చెప్పను.

పేర్లు రాసుకునే బల్ల దగ్గర నేను నీ వెనకే ఉన్నాను. ఆ కళ్ళద్దాలాయన, "బరువెంతమ్మా?" అంటే, నువ్వు, "నలభై మూడు" అన్నావు. ఆయన నిన్ను కిందనుంచి పైకి చూసి, "యాభై అని రాసీమంటావేటమ్మా, బాగుంటాది" అన్నాడు. "నలభై మూడే రాయండి. వినబడకపోతే మళ్ళీ చెప్తాను" అన్నావు. మైకు పక్కనే ఉంది, మైదానమంతా విన్నది. ఎవడూ నవ్వలేదు. నేను చుట్టూ చూశాను, నవ్వితే వాడి పని పడదామని.

కొండ దిగి వచ్చి, హెల్మెట్టు తీయకముందే మీ నాన్న గ్లాసుతో మజ్జిగ ఇస్తే ఒంటిచేత్తో పట్టుకున్నావు. ఒక్క చుక్క ఒలకలేదు. నేను రింగు చూడటానికి ముందుకి వంగితే మీ నాన్న నన్ను పక్కకి తోసి, తానే స్కేలు పెట్టి, నూట పన్నెండు దాకా పాకిందని చెప్పారు. కొండనంతా వాడుకుని ఎనిమిది మిగిల్చింది. గాలంటే అలా ఉండాలి. మా మిల్లులో ఏ ఇంజినీరుకీ చేతకాదు.

అయితే నిన్న పొద్దుటి నుంచీ ఒక సంగతి నాకు అర్థం కాలేదు. నేను ఎటు వెళితే అటు జనం నవ్వుతున్నారు. టీ కొట్టు దగ్గర నవ్వారు. మైకు దగ్గర నవ్వారు. కుర్రాళ్ళిద్దరు నాతో సెల్ఫీ దిగారు, అదీ నా వెనక నిలబడి. నా మాటలకే అనుకుని ఇంకో నాలుగు వేశాను. బస్సులో గాజువాక దాకా నవ్వారు. ఇంటికొచ్చి చొక్కా విప్పితే వీపున చీటీ.

'నూట రెండు కిలోలు. ఈయన బరువు కూడా కార్డులో లేదు.'

రాత నీది. పిన్ను మాత్రం నిట్టనిలువుగా, కుట్టు వెంట, స్కేలు పెట్టినట్టుంది. మీ నాన్న తప్ప ఈ భూమ్మీద పిన్నుని అంత పద్ధతిగా పెట్టేవాడు ఇంకొకడు లేడు.

చొక్కా ఉతకనివ్వలేదు. చీటీతో సహా కొయ్యకి తగిలించాను.

నీ మామయ్య
దొరబాబు